తోక చూసి తేలనకండి



తాడును చూసి పామనుకోవడం మనకు తెలిసిందే. అలాగే తోకను చూసి తేలనుకునే పురుగొకటి ఉంది. దాని పేరు తేలు ఈగ. మగ ఈగ తోక చివర ఉబ్బి, తేలు కొండిలా పైకి వంగి ఉంటుంది. కాని అది కొండి కాదు, అందులో విషమూ లేదు. జతకట్టేటప్పుడు ఆడ ఈగను పట్టుకునే అవయవం అది. ఆడ ఈగకు ఆ వంపే ఉండదు.

మన దేశంలో హిమాలయాల్లో, ఈశాన్య రాష్ట్రాల్లో, పడమటి కనుమల్లో ఈ జాతులను గుర్తించారు. వీటికి నీడా చెమ్మా కావాలి. రాయగడ, కొరాపుట్ కొండల్లో వాగుల వెంట వానాకాలంలో నడిచేవారు ఆకుల మీద ఓ కన్నేసి ఉంచవచ్చు.

గుర్తులు మూడు. మొదట రెక్కలు లెక్కపెట్టండి, నాలుగుండాలి. తర్వాత ముఖం చూడండి, పక్షి ముక్కులా కిందికి సాగి ఉంటుంది. ఆపైన రెక్కల మీది మచ్చలు, చారలు చూడండి. దీని ఆహారం ఎక్కువగా చచ్చిన పురుగులే.

దీని దగ్గరి చుట్టం వేలాడే ఈగ. ముందు కాళ్లతో కొమ్మకు వేలాడుతూ, వెనుక కాళ్లతో చిన్న పురుగులను ఒడిసిపడుతుంది. పెద్ద దోమలా కనిపించే పొడుగు కాళ్ల పురుగును చూసి ఇదే అనుకోకండి. దానికి రెక్కలు రెండే. మిగతా రెండింటి చోట గుండుసూదుల్లాంటి బొడిపెలుంటాయి.

కనిపిస్తే కొట్టకండి. పక్క నుంచి ఒకటి, పై నుంచి ఒకటి ఫోటో తీసి, తేదీ, ఊరు, చోటు రాసిపెట్టుకోండి. దగ్గర్లోని కళాశాలలో జంతుశాస్త్రం చెప్పే మాస్టారికి చూపించండి. ఆధారం లేని పేరుకన్నా ఆధారమున్న ఫోటో విలువైనది.

అసలు తేలుకు రెక్కలుండవు. ఎనిమిది కాళ్లు, ముందు రెండు పట్టుకొమ్ములు ఉంటాయి. ఎర్రతేలు కుడితే పిల్లల ప్రాణానికే ముప్పు. వాంతులు, విపరీతమైన చెమటలు, చేతులు కాళ్లు చల్లబడడం కనిపిస్తే మంత్రాలతో పొద్దు గడపకండి, వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి. మహారాష్ట్రలోని మహాడ్‌లో డాక్టర్ హిమ్మత్‌రావ్ బావస్కర్ 1980లలో ప్రజోసిన్ మందు వాడి ఎందరినో బతికించారు.

భయపడవలసిన దానికి భయపడదాం. మిగతావాటిని తీరిగ్గా చూద్దాం.