ఆసు తిప్పిన చేతుల లెక్క



తెలంగాణలో కవులే లేరన్న మాట చెవిన పడ్డప్పుడు సురవరం ప్రతాపరెడ్డి వాదులాటతో సరిపెట్టలేదు, లెక్క తీశారు. 1934లో వచ్చిన ‘గోలకొండ కవుల సంచిక’లో 354 మంది కవులు వరస కట్టి నిలబడ్డారు. పాలమూరు బిడ్డ చేసిన ఆ పని సాహిత్య చరిత్రలో నిలిచిపోయింది.

ఆలేరులో కూడిన ఈ సభ ముందు అలాంటిదే మరో లెక్క ఉంది. పందొమ్మిదో శతాబ్దంలో ఈ మెట్టనేల మీద కష్టం చేసిన ఆడవాళ్లు, ఇక్కడ బతుకు గడవక కొత్త చోట గుడిసె వేసుకున్న ఆడవాళ్లు ఎందరు? ఏ పని, ఎంతసేపు, ఎంత కూలికి?

ముందు ఉన్న ఊళ్లోనే చూద్దాం. పద్మశాలీల ఇంట్లో మగ్గం గుంటలో కూర్చునేది ఎక్కువగా మగవాడే. నాడె అతని చేతిలోది. కానీ ఆ నాడెలో కండె పడాలంటే అంతకు ముందే ఎవరో రాట్నం తిప్పి నూలు చుట్టి ఉండాలి. చిక్కుపడ్డ చిలుప విప్పాలి, పడుగుకు గంజి పట్టించాలి, తెగిన పోగు అతకాలి. ఇందులో చాలా భాగం ఇల్లాలిది, ఆమె అత్తది, బడి ముఖం చూడని ఆడపిల్లది. షావుకారు కూలి కట్టేది చీరకు. రాట్నానికి వేరే కూలి లేదు.

ఊరు విడిచినవాళ్ల కథ బొంబాయిలో దొరుకుతుంది. కామాఠీపుర అన్న పేటకు ఆ పేరు వచ్చింది నిజాం ఇలాకా నుంచి కట్టుబడి పనులకు వెళ్లిన తెలుగు కామాటీల వల్లే. దీవుల మధ్య సముద్రపు పాయలను పూడ్చి, బురద నేలను నగరంగా మారుస్తున్న కాలమది. వాళ్లలో కొందరు మేస్త్రీలయ్యారు, గుత్తేదారులయ్యారు. 1873లో పూణేలో జోతిబా ఫూలే సత్యశోధక్ సమాజ్ స్థాపించినప్పుడు బొంబాయి తెలుగు గుత్తేదారులు ఆయనకు అండగా నిలిచారు. ఆ గుత్తేదారుల్లో కొందరి పేర్లు ఫూలే జీవిత చరిత్రల్లో కనిపిస్తాయి. ఆ పనుల్లో తట్ట మోసిన ఆడమనిషి పేరు ఒక్కటీ కనిపించదు.

తర్వాత వలస దారి షోలాపూర్‌కు మళ్లింది. 1874లో సికింద్రాబాదు నుంచి వాడి జంక్షన్‌కు రైలు పడటంతో బొంబాయి లైను అందుబాటులోకి వచ్చింది. 1876–78 కరువు దక్కన్‌ను ఊపేసింది. ఆ కరువులోనే, 1877లో, షోలాపూర్‌లో మొదటి బట్టల మిల్లు లేచింది. తెలంగాణ నేతగాళ్లు మూటాముల్లె సర్దుకుని వెళ్లి అక్కడ పేటలకు పేటలే కట్టుకున్నారు. 1889 నాటికి రైలు ఆలేరు మీదుగా బెజవాడ దాకా సాగింది. దాంతో ఈ ప్రాంతం వాళ్లకూ బండెక్కితే చాలు, షోలాపూర్ దగ్గరైంది.

ఇక్కడ ఒక విచిత్రం గమనించాలి. 1891 ఫ్యాక్టరీ చట్టం మిల్లుల్లో ఆడవాళ్ల పనిని రోజుకు 11 గంటలకు కట్టడి చేసింది. ఎక్కువే అయినా, అదొక లెక్క. కానీ చట్టం మిల్లు గేటు దగ్గరే ఆగింది. గేటు బయట, ఇంటి అరుగు మీద కండెలు చుట్టే చేతులకు ఏ గంటా మోగలేదు. తర్వాతి తరాల్లో షోలాపూర్ తెలుగు ఆడవాళ్లు బీడీలకు కూర్చున్నారు. అక్కడ లెక్క వేలల్లో ఉంది: వెయ్యి బీడీలకు ఇంత కూలి. తునికాకు తడిపి, కత్తిరించి సిద్ధం చేసే పొద్దు మాత్రం అందులో విడిగా లేదు.

మళ్లీ ఆలేరుకు వద్దాం. చిటికి చీర నేసేచోట, పేక నూలుకు చిటికి కట్టి రంగు అద్దే ముందు ఆసు పోయాలి. అర్ధచంద్రాకారపు చట్రం, ఒకవైపు ఒక మేకు, ఎదురుగా వంపులో మేకుల వరస. పోగును అటూ ఇటూ తిప్పుతూ చేయి ఆడుతూనే ఉండాలి. ఆలేరు మండలం శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం తల్లి లక్ష్మి భుజం నొప్పితో అల్లాడుతూ ఆ పని చేసేది. పదో తరగతి దాటని ఆ కొడుకు 1992లో ఆసు పోసే యంత్రం తయారీకి పూనుకుని 1999లో పూర్తి చేశాడు, దానికి తల్లి పేరే పెట్టాడు. 2017లో పద్మశ్రీ వచ్చింది. ఒక్క చీరకు చేయి సుమారు 9,000 సార్లు తిరుగుతుందని, రోజుకు రెండు చీరలైతే 18,000 సార్లని లోకానికి తెలిసింది ఆ యంత్రం పుణ్యానే. అంతకు ముందు తరాల తల్లులు తిప్పినవి ఎవరూ లెక్కపెట్టలేదు.

అందుకే ఈ సభలో పాల్గొంటున్న పరిశోధక విద్యార్థులకు ఒక పని. ఆలేరు, మోత్కూరు, రాజాపేటల్లో పెద్దవాళ్ల దగ్గర కూర్చోండి. షోలాపూర్‌కు, బొంబాయికి పోయిన మేనత్తల, పెద్దమ్మల పేర్లు రాసుకోండి. పనిముట్ల పేర్లు వాళ్ల నోట వచ్చినట్టే రాయండి. “ఏం పని చేస్తవమ్మా?” అని మాత్రం అడగకండి. “ఏం పని బిడ్డా, ఇంట్లనే ఉంట” అనే జవాబొస్తుంది. “పొద్దుగాల లేచినకాడి నుంచి ఏమేం చేసినవు?” అని అడగండి. కాగితాలు కాస్త ఎక్కువ తీసుకెళ్లండి.