శత్రుసీమలో తెలుగు వైమానికుడు
(రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



కఠోపనిషత్తులో నచికేతుడను బాలుని కథ కలదు. తండ్రి కోపమున పలికిన మాటను నిజము చేయుటకై ఆ బాలుడు యముని యింటికి పోయి, గృహస్థు లేని వాకిట మూడు రాత్రులు ఉపవాసముండి, కడకు మృత్యుదేవతనే మెప్పించెను. ఆ పేరు పెట్టుకొన్న తెలుగు యువకుడొకడు 1999వ సంవత్సరమున నిజముగానే యముని వాకిలి త్రొక్కి తిరిగి వచ్చినాడు. అతని పేరు కంభంపాటి నచికేత. భారత వాయుసేనలో ఫ్లైట్ లెఫ్టినెంట్.  ఇంటిపేరు వినినంతనే అతడు తెలుగువాడని పల్నాటి పల్లెలలో ఎవరైనను చెప్పగలరు.

ఆ యేటి వేసవి నాటికే కాశ్మీరమునందలి కార్గిల్ శిఖరములను పాకిస్తాన్ బలములు రహస్యముగా ఆక్రమించినవి. అప్పట్లో చలికాలమున మంచు పేరుకొనినపుడు ఖాళీచేసి దిగివచ్చెడి ఠాణాలవి. మే 26న భారత వాయుసేన రంగమున దిగెను. నియంత్రణ రేఖను దాటరాదని ప్రభుత్వము కట్టడి చేసినది.

మరునాడు, మే 27న, నచికేత మిగ్-27 విమానమెక్కి బటాలిక్ కొండలపైకి పోయెను. భూమిమీది గురులపై బాంబులు, రాకెట్లు వేయుటకు నిర్మించిన విమానమది. రెండవ ప్రపంచ యుద్ధమునాటి పెద్ద బాంబరులలో ఏడుగురు మొదలు పదిమంది వరకు కలిసి పోయెడివారు; ఒకడు నడుపగా, ఒకడు దారి చూపగా, ఒకడు గురి చూచెడివాడు. కూలినను కొందరు కలిసియే చిక్కెడివారు. మిగ్-27లో ఉండువాడు ఒక్కడే. అన్ని పనులును అతనివే, కూలినచో వచ్చు ఒంటరితనమును అతనిదే.

బటాలిక్ శిఖరములు 15,000 అడుగులకు పైబడినవి. అంత ఎత్తున గాలి పలుచన. నచికేత రాకెట్లు వదలినంతనే వాని వేడి వాయువులను ఇంజను పీల్చుకొనెను. గాలి చాలని పొయ్యిలో పొగ క్రమ్మి మంట ఆరిపోవునట్లు జెట్ ఇంజనులోని మంట ఆరిపోయెను. మరల రాజేయుటకు అతడు యత్నించెను. కొండలు దగ్గరపడుచున్నవి. ఇక గత్యంతరము లేక, ఆసనముతో సహా తన్ను బయటికి ఎగురవేయు పిడిని లాగెను. ఆ ఆసనము క్రింది మందు పేలి రెప్పపాటులో మనిషిని ఆకాశమునకు విసరును. ప్రాణము దక్కినను వెన్నెముకకు దెబ్బ తగులుట కద్దు. నచికేతకును తగిలెను. విమానమును తామే కూల్చితిమని పాకిస్తాన్ ప్రకటించినది. ఇంజను ఆగుటచే కూలినదని భారతదేశము చెప్పినది.

పారాచూటుతో మంచులో దిగిన నచికేత చేతి పిస్తోలుతో కొంతసేపు ఎదిరించెను. తూటాలు అయిపోగా సైనికులు చుట్టుముట్టి పట్టుకొనిరి, కొట్టిరి. ఆకాశమునుండి నిప్పులు కురిపించినవాడు చేత చిక్కినపుడు సామాన్య సైనికునికి ధర్మశాస్త్రము జ్ఞాపకము రాదు. వారు తన్ను చంపియుందురేమో అని నచికేతయే తరువాత చెప్పినాడు. అంతలో ఒక అధికారి అచ్చటికి వచ్చెను. ఇతడిపుడు బందీ, ఇట్లు కొట్టతగదని గ్రహించి వారిని ఆపెను. ఆ నాలుగు క్షణములలో ఒక ప్రాణము నిలిచినది.

అది చిన్న విషయము కాదని తెలియుటకు అదే దినమున, అదే కొండలలో జరిగిన మరొక సంగతి చెప్పవలెను. నచికేత ఎక్కడ పడెనో కనుగొనుటకై స్క్వాడ్రన్ లీడర్ అజయ్ అహూజా తన మిగ్-21ను ఆ ప్రదేశమునకు త్రిప్పెను. భుజముపై నుంచి పేల్చు క్షిపణి ఆ విమానమును కొట్టెను. అహూజా పారాచూటుతో దిగెనుగాని సజీవుడై తిరిగి రాలేదు. అతని దేహముపై తుపాకి గాయములు కానవచ్చినవనియు, నేలపై దిగిన పిమ్మటనే కాల్చిరనియు భారతదేశము ఆరోపించెను. మరణానంతరము ఆయనకు వీరచక్ర నిచ్చిరి. అంతకు ముందే, మే నడుమ, కాక్సర్ వద్ద గస్తీ తిరుగుచు చిక్కిన కెప్టెన్ సౌరభ్ కాలియా, ఐదుగురు సైనికుల దేహములు జూన్ 9న తిరిగి వచ్చినవి. వానిపై చిత్రహింసల గుర్తులుండెనని భారతదేశము ప్రకటించినది, పాకిస్తాన్ కాదన్నది. ఒకే యుద్ధము, ఒకే మాసము. అధికారి అడ్డుపడినచోట మనిషి బ్రతికినాడు.

పల్నాటివారికి ఈ ధర్మము క్రొత్తది కాదు. రాయబారిగా పోయిన అలరాజు చర్లగుడిపాడున విషప్రయోగమునకు బలియైన పిమ్మట సంధి మాట అడుగంటి కారెంపూడి యుద్ధము అనివార్యమైనది. నరసరావుపేట ప్రాంతమునుండి కార్తీకమున వీరుల ఉత్సవమునకు పోవువారికి ఆ ఘట్టము వినునపుడు నేటికిని కడుపు మండును. రణమున మడిసినవానికి వీరస్వర్గమందురు. ఆయుధము లేనివానిని చంపినవానికి ఏ గాథయు మంచిపేరు పెట్టలేదు.

ఈ ధర్మము కాగితముపైకి ఎక్కుటకు ఒక పుస్తకము కారణమన్న సంగతి గ్రంథాలయ సభలో చెప్పుట తగును. 1859లో ఇటలీలోని సోల్ఫెరినో యుద్ధభూమిలో క్షతగాత్రులు దిక్కులేక పడియుండుట హెన్రీ డ్యూనాంట్ అను స్విట్జర్లాండు వర్తకుడు చూచెను. చూచినది 1862లో పుస్తకముగా అచ్చొత్తించెను. దానిని చదివినవారి ప్రయత్నమున మరుసటి యేడే రెడ్‌క్రాస్ సంఘము పుట్టెను. యుద్ధఖైదీలకై 1929లో ఒక ఒడంబడికయు, 1949 ఆగస్టులో జెనీవాలో మరింత విపులమైన ఒడంబడికయు ఏర్పడినవి. భారత, పాకిస్తానములు రెండును దీనికి కట్టుబడినవే. యుద్ధము ప్రకటింపకపోయినను ఇది వర్తించును. ఖైదీ తన పేరు, హోదా, పుట్టినతేదీ, సైనిక సంఖ్య చెప్పిన చాలును. అంతకు మించి చెప్పుమని హింసింపరాదు. ఇంటికి ఉత్తరములు వ్రాసికొననీయవలెను. అన్నిటికన్న ముచ్చటైన నియమమొకటి కలదు: ఈ ఒడంబడిక ప్రతిని ప్రతి శిబిరమునందును ఖైదీల స్వభాషలో, అందరును చదువగలచోట అంటింపవలెను. చదువురాని వానికి ఈ రక్షణ సగమే.

1971లో ఢాకా పతనానంతరము సైనికులు, పౌరులు కలిసి సుమారు 93,000 మంది పాకిస్తానీయులు భారతదేశపు అధీనమైనారు. 1974 ఏప్రిల్ నాటికి వారిని తిరిగి పంపిరి. 1965 యుద్ధమున కె.ఎం. కరియప్ప గారి కుమారుడును విమానము కూలి పాకిస్తానీయులకు చిక్కెను. కరియప్పగారు అప్పటికి విశ్రాంత సేనాధిపతి; పాకిస్తాన్ అధ్యక్షుడు అయూబ్‌ఖాన్ పూర్వము ఆయనక్రింద పనిచేసినవాడు. కుమారుని ముందుగా విడిపింతునని కబురంపగా, ఖైదీలందరును తన బిడ్డలే, ఒక్కనికి ప్రత్యేకత వలదని ఆ తండ్రి త్రోసిపుచ్చెను. 

నచికేత విషయమునకు వత్తము. అతనిని ప్రశ్నించినవారిలో పాకిస్తాన్ వాయుసేన అధికారి కైజర్ తుఫైల్ ఒకడు. ఎదుట కూర్చున్నవాడును తనవలె ఆకాశమున తిరుగువాడే యగుటచే మాట మర్యాదగా సాగినది. ఇంతలో పాకిస్తాన్ ప్రధాని నవాజ్ షరీఫ్ ఖైదీని సద్భావముతో విడుదల చేయుదుమనెను. పత్రికలవారి సమక్షమున అప్పగింతుము, రమ్మని భారత హైకమిషనర్ జి. పార్థసారథికి పిలుపు వచ్చెను. ఆయన నిరాకరించెను. ఖైదీని జనుల వింతచూపులకు ఎరచేయరాదని జెనీవా నియమము. విడుదల ఎక్కడ చెడునో అను భయమున్నవేళ అట్లు కాదనుటకు గుండె దిటవు కావలెను. 2019 ఫిబ్రవరిలో అభినందన్ వర్ధమాన్ చిక్కినపుడు రక్తము కారు మొగముతో అతని బొమ్మలు ఊరూరా తిరిగినవి. అవి చూచినవారికి పార్థసారథి పట్టుదలలోని విలువ తెలిసియుండును.

1999 జూన్ 3న నచికేతను రెడ్‌క్రాస్ వారికి అప్పగించిరి. వాఘా మీదుగా అతడు స్వదేశము చేరెను. రాష్ట్రపతి, ప్రధాని అతనిని స్వయముగా కలిసికొనిరి. వాయుసేనా పతకము లభించెను. ఉపనిషత్తులోని బాలుడు మూడు వరములు పొందెను గాని ఈతనికి వెన్నునొప్పి మిగిలెను. ఎగురవేయు ఆసనముగల యుద్ధవిమానము నెక్కుటకు ఆ వెన్నెముక ఇక తగదాయెను. పెక్కురు అంతటితో బల్లముందు కూర్చుండు ఉద్యోగము కోరుకొందురు. నచికేత ఇల్యూషిన్-76 రవాణా విమానములు నేర్చి, పిదప ఇల్యూషిన్-78 నడిపెను. గ్రూప్ కెప్టెన్ హోదాతో విరమించెను. ఇల్యూషిన్-78 అనగా గాలిలోనే ఇతర విమానములకు ఇంధనము పోయు విమానము. తాను మరల ఎక్కలేని యుద్ధవిమానములు ఆకాశమధ్యమున వెనుకకు వచ్చి, గొట్టము తగిలించుకొని ఇంధనము త్రాగునంతసేపు, ముందు నడచు ఆ పెద్ద విమానమును కదలక మెదలక నిలిపియుంచుట అతని పని యాయెను.