వ్యాధిగ్రస్తుడగు బిడ్డకు ఆహారమెంత?



చర్ల, దుమ్ముగూడెము అడవిపల్లెల నుండి ప్రాణాపాయస్థితిలో నున్న బిడ్డను భద్రాచలము ఆసుపత్రికి తెచ్చిన బంధువులు, "ఇంత ఎండిపోయినాడే, కడుపునిండ పెట్టరేమి?" అని అడుగుట సహజము. కాని ఆరిపోవుచున్న పొయ్యిలో ఒక్కమారుగా దుంగను త్రోసినచో ఏమగునో మనయింటి స్త్రీలకు తెలియును. పుల్లలు పేర్చి, మెల్లగా ఊదవలెను.

చిరకాలము పస్తులున్న శరీరములో గుండె, కాలేయము, మూత్రపిండములు బలహీనపడి యుండును. హఠాత్తుగా అధికాహారము పడినచో రక్తములోని లవణములు తారుమారై గుండెయే ఆగిపోవచ్చును. అందుచే వైద్యులు మొదట బిడ్డను తూచి, కిలో బరువునకు దినమునకు సుమారు 100 కేలరీలు మాత్రమే ఇత్తురు. 6 కిలోల బిడ్డకు 600 కేలరీలు. అనగా రెండు గంటల కొకమారు 65 మిల్లీలీటర్ల పలుచని పాలాహారము, రాత్రియు మానకుండ! ఆకలి తిరిగి పుట్టిన పిదప క్రమముగా కిలోకు 150 మొదలు 220 వరకు పెంచుదురు. ఒళ్లు వాచిన బిడ్డ బరువులో నీరు కలిసియుండును గావున, వాపు అధికమైనచో ఆ పాలను తొలుత ఇంకను తగ్గింతురు.

పెద్ద ఆసుపత్రులలో ఊపిరితిత్తులు గ్రహించు ప్రాణవాయువును, విడుచు బొగ్గుపులుసు వాయువును కొలిచి శక్తి వ్యయమును లెక్కింపగల యంత్రములు కలవు. అవి లేనిచోట వయస్సు, బరువులను బట్టి అంచనా కట్టుదురు. తీవ్రవ్యాధిలో బిడ్డ కదలక పడియుండును, ఎదుగుదల ఆగును. కనుక జబ్బు పెద్దదైనంత మాత్రమున ఆహారము హెచ్చింపవలెననుట పొరపాటు.

ఈ లెక్కలన్నిటికి మూలము బరువు. ఒక గ్రామమున నేను చూచిన త్రాసు ముల్లు, బిడ్డను ఎక్కింపకముందే అరకిలో చూపుచుండెను! అట్టి త్రాసు చిక్కిపోవు బిడ్డను పట్టీలో క్షేమముగా నున్నట్లు వ్రాయించును. మీ అంగన్‌వాడీ త్రాసును ఎరిగిన బరువుతో సరిచూడుడు. ఆరు నెలలు దాటి అయిదేండ్లలోపు బిడ్డ దండచుట్టుకొలత 11.5 సెంటీమీటర్లకు తగ్గినను, రెండు పాదములు వాచినను ఆలస్యము తగదు.

భద్రాచలములోని పోషకాహార పునరావాస కేంద్రమున తల్లి కూడ బిడ్డతో ఉండవలెను. కూలి పోవునని, ఇంటివద్ద తక్కిన పిల్లలను చూచువారు లేరని ఆమె నడుమనే తిరిగివచ్చుట కలదు. అక్కడ తల్లికి దినభత్యమిచ్చు ఏర్పాటున్నదని ఆమెకు ముందే చెప్పుడు. ఇంటనున్న పిల్లలకు అన్నము పెట్టువారెవరో ఆమె బయలుదేరకముందే మీరు నిర్ణయింపుడు.