పాత పటములు - క్రొత్త పనిముట్లు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఒక గ్రామమున ఇరువదియైదేండ్లపాటు గ్రంథాలయము నిలిచినచో, పుస్తకములతోపాటు దానిచుట్టు మఱికొన్ని వస్తువులును చేరును. బీరువాపై ధూళి పట్టిన రిజిస్టర్లు, గోడలకు వ్రేలాడు చిత్రపటములు, ఎవరో ఇచ్చిపోయిన ఆల్బములు. పుస్తకమునకు వరుస సంఖ్య యుండును, పేరుండును, కర్త యుండును. పటమునకు ఇవేవియు నుండవు. వెనుకవైపున ఎవరైన నాలుగు మాటలు వ్రాసి యుంచిన అదృష్టమే; లేనిచో చెప్పగల వృద్ధులు గతించిన పిమ్మట అది యెవరిదో, ఎన్నటిదో తెలియదు. ఇట్టి పటములను దిద్దుటకును, వరుసగా అమర్చుటకును కంప్యూటరులోను, చేతిలోని ఫోనులోను వచ్చిన క్రొత్త సదుపాయములే నేటి ప్రసంగ విషయము.

పటమును దిద్దుట నిన్న మొన్న పుట్టిన విద్య కాదు. పూర్వము స్టూడియోలలో నెగెటివును వెలుగున కెదురుగా నిలిపి, సన్నని పెన్సిలుతో మొగముపై మచ్చలను, ముడుతలను మాపుచుండిరి. పెండ్లికూతురి బుగ్గలకు కుంచెతో రంగు పూయుచుండిరి. వరుస పెట్టుటయు క్రొత్తది కాదు. ఆఱవ నిజాము కొలువున ఛాయాచిత్రకారుడై ప్రసిద్ధి కెక్కిన రాజా దీన్ దయాళ్ (1844-1905) తన గాజు పలకలకు సంఖ్యలు వేసి యుంచెను. అట్టి పలకలు రెండువేలకు పైగా ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రమున భద్రముగా నున్నవి.

కంప్యూటరు ఈ పనిలో ప్రవేశించిన కథ చిన్నది. 1987లో అమెరికాలో థామస్ నోల్ అను విద్యార్థి, నలుపు తెలుపుల నడుమనుండు ఛాయలను తెరపై చూపుటకై ఒక ప్రోగ్రాము వ్రాసెను. చలనచిత్రములకు మాయాదృశ్యములు కల్పించు సంస్థలో పనిచేయుచున్న ఆతని తమ్ముడు జాన్ దానిని పెంపొందించుటకు తోడ్పడెను. అడోబీ సంస్థ దానిని 1990లో ఫొటోషాప్ అను పేర విడుదల చేసెను. 1994లో పటమును పొరలు పొరలుగా, గాజు పలకలను ఒకదానిపై నొకటి పేర్చినట్లు, దిద్దు వీలు వచ్చెను. (2007లో ఆ సంస్థకు ప్రధాన కార్యనిర్వహణాధికారి యైన శంతను నారాయణ్ హైదరాబాదున పుట్టి, ఉస్మానియా విశ్వవిద్యాలయమున ఇంజనీరింగు చదివినవాడు. ఈ మాట విని సభలోని విద్యార్థులు సంతోషింతురు గాక.)

2007లో అదే సంస్థ విడుదల చేసిన లైట్‌రూమ్‌లో ఒక గొప్ప గుణము కలదు. అది మూలపటమును ముట్టదు. "వెలుగు ఇంత పెంచుము, ఈ అంచు కత్తిరింపుము" అను ఆదేశములను మాత్రము వేరుగా వ్రాసికొని, ఆ ప్రకారము దిద్దిన రూపమును తెరపై చూపును. పదేండ్లకు మనసు మాఱినను మూలము మూలముగనే యుండును. వెల లేక లభించు గింప్ అను సాఫ్టువేరునకును, 2025లో వెలువడిన 3.0 సంచికతో, కొన్ని పనులలో ఇట్టి పద్ధతియే అబ్బినది. గ్రంథాలయమువంటి సంస్థకు ఈ గుణమును మించినది మఱొకటి లేదు.

ఇక అమర్చుట. 2015లో గూగుల్ ఫొటోస్ వచ్చిన పిమ్మట, వేలకొలది పటములలో ఒకే మనుష్యుని మొగములను యంత్రమే గుంపు కట్టు సదుపాయము సామాన్యుల ఫోనులలో ప్రవేశించెను. "సముద్రము" అని అడిగిన సముద్రమున్న పటములను, "పెండ్లి" అని అడిగిన పందిళ్లను చూపుట మొదలిడెను. 2024 నుండి పూర్తి వాక్యములతో ప్రశ్నించు ఏర్పాటును ప్రవేశపెట్టిరి. యంత్రము ప్రతి మొగమును ఒక సంఖ్యల వరుసగా మార్చుకొని, దగ్గరి పోలిక గల వరుసలను ఒకచోట చేర్చును. అంతియే. ఆ మొగము ఫలానా వారిదని అది యెఱుగదు. పేరు మనుష్యుడే చెప్పవలెను. అక్కచెల్లెండ్రను ఒకరిగా కలిపివేయుట, బాల్యమున నొకరిని, ముదిమిని మఱొకరిగా విడదీయుట దానికి సహజము. 2015లోనే నల్లజాతి వారిని గొరిల్లాలుగా చూపి ఆ సంస్థ క్షమాపణ చెప్పుకొనవలసి వచ్చెను.

ఇంతవఱకు చెప్పినవి పటములో నున్నదానిని చూపు సదుపాయములు. దానిలో లేనిదానిని కల్పించునవి తరువాత వచ్చినవి. వీనిని గుఱించి కొంత నిదానముగా ఆలోచింపవలసి యున్నది.

2010లో ఫొటోషాప్‌లో, తీసివేసిన చోటును ప్రక్కనున్న గడ్డితోను, గోడతోను తానే పూరించు సదుపాయము వచ్చెను. అది అదే పటములోని ముక్కలతో వేసిన అతుకు. 2023లో వచ్చినది వేఱు జాతిది. లెక్కకు మిక్కిలి యైన ఇతర పటములనుండి నేర్చుకొన్న యంత్రము, ఈ చోట ఏముండవచ్చునో ఊహించి క్రొత్తగా చిత్రించును. అదే యేట గూగుల్ ఫోనులలో, వెంటవెంట తీసిన సామూహిక పటములనుండి ఒకరి నవ్వును, మఱొకరి తెఱచిన కన్నులను ఏర్చి ఒక పటమున కూర్చు సదుపాయము వచ్చెను. అందలి మొగములన్నియు నిజమే. ఆ క్షణము మాత్రము జరుగలేదు. వేడుక పటమున కిది తప్పని యెవరును అనరు.

పాత పటముల విషయమున అట్లు గాదు. ఫొటోషాప్‌లో 2020 నుండి నలుపు తెలుపు పటమునకు రంగు వేయు సదుపాయమును, 2022 నుండి గీతలు పడి మాసిన పటమును బాగుచేయు సదుపాయమును కలవు. ఒక తల్లి పటము నూఱేండ్లనాటిది కలదనుకొందము. ఆనాటి పలకలలో పెక్కింటికి ఎఱుపు కానరాదు. కనుక నొసటి కుంకుమ పటములో నల్లని చుక్కగా పడును. యంత్రము దానిని పటముపై పడిన మచ్చ యనుకొని తుడిచివేయవచ్చును. ఆ చుక్క యున్నదా లేదా యనుటలో ఆ పటము తీసిన దినమున ఆమె భర్త జీవించి యున్నాడా లేదా యను వార్త ఇమిడి యున్నది. బొట్టులేని నుదుట బొట్టు పెట్టినను అంతే దోషము. చీర సంగతియు నిట్టిదే. ఎఱుపును ఆకుపచ్చయు నలుపు తెలుపు పటములో ఒకే బూడిదరంగుగా కనబడవచ్చును. యంత్రము వేసిన రంగు ఊహ. చూచువాడు దానిని సాక్ష్యమని నమ్మును.

మొగము చినిగిన చోటు మఱింత కష్టము. సగము చెదలు తిన్న తాతగారి పటమున యంత్రము చక్కని చెంపను, నిండైన పెదవిని అమర్చి యిచ్చును. చూచుటకు ముచ్చటగా నుండును. కాని అది తాతగారి చెంప కాదు. యెందరో అపరిచితుల చెంపల సగటు. ఆయనను కన్నులార చూచినవారు ఇంటిలో లేకున్న, మనుమలు ఆ మొగమునే తాతగారని పూజింతురు. వెనుకటి చినిగిన పటము పారవేయుదురు. అసలు నష్టము అప్పుడు జరుగును.

ఈ చిక్కును సాఫ్టువేరు చేయువారును గుర్తించిరి. పటము ఎట్లు పుట్టినది, ఎవరు ఏ పనిముట్టుతో దిద్దినది యను సంగతిని పటమునకే జతపఱచు ఉద్యమమును అడోబీ మున్నగు సంస్థలు 2019లో ఆరంభించెను. దానికి సాంకేతిక ప్రమాణములను కూర్చు సంఘము 2021లో ఏర్పడెను. కృత్రిమ మేధతో దిద్దిన పటమునకు ఆ సంగతిని తెలుపు ఏర్పాటును గూగుల్ ఫొటోస్ 2024లో చేసెను. మంచి పనియే. అయినను ఈ వ్రాతలు సులువుగా ఊడిపోవును. వాట్సాప్‌లో పటమును మామూలుగా పంపినచో తేదీ, స్థలము మున్నగు వివరములు రాలిపోవును, పరిమాణమును తగ్గును. డాక్యుమెంటుగా పంపినచో నిలుచును.

సాఫ్టువేరు శాశ్వతమని నమ్మరాదు. పటములను అమర్చుటకు లోకమంతట వాడిన పికాసాను గూగుల్ 2016లో నిలిపివేసెను. ఫొటోస్‌లో మితము లేక ఉచితముగా దాచుకొను వీలు 2021 జూన్‌తో ముగిసెను. లైట్‌రూమ్ సైతము పేర్లను, సవరణలను ముందుగా తన ఖాతా పుస్తకమున వ్రాసికొనును. పటపు ఫైలులో వ్రాయుమని విడిగా ఆజ్ఞాపింపవలెను. వెల లేనిదియు, ఇంటర్నెట్ లేకున్నను మొగములను గుర్తింపగలదియు నగు డిజికామ్ గ్రంథాలయములకు అనుకూలము. ఊరివారి మొగములు పరుల యంత్రములకు పోకుండుటయు అందువలన నొక లాభము.

కావున గ్రంథాలయము ఈ పనికి పూనుకొన్నచో మొదటి రోజున కంప్యూటరు అక్కఱలేదు. ఆల్బమును, మెత్తని పెన్సిలును తీసికొని ఊరిలోని ఎనుబదియేండ్ల వారి అరుగుపై కూర్చుండవలెను. వారు చెప్పిన పేరును, ఊరిని, ఏటిని పటము వెనుక తేలికగా వ్రాయవలెను. సందేహమున్నచో సందేహమనియే వ్రాయవలెను. తరువాత పటమును స్కానరుపై అంగుళమునకు 600 చుక్కల చొప్పున ఎక్కించి, ఆ మూలప్రతిని మార్పులేక రెండుచోట్ల దాచి, పుస్తకములకువలె దానికి సంఖ్య వేయవలెను. దిద్దుటలును, రంగులును నకలుపైననే చేసి, దాని క్రింద "యంత్రముతో దిద్దినది" అని తెలుగులో వ్రాయవలెను. చినిగిన పటమును పాత కవరులోనే, అదే సంఖ్యతో, బీరువాలో నుంచవలెను. అరుగులపై నున్నవారిలో కొందఱు ఈ సభకు రాలేకపోయిరి. వారి యిండ్లకు పోవుట వచ్చు ఆదివారమే మొదలుపెట్టవచ్చును.