నిద్ర చెడితే నిశ్చయం సడలుతుంది



రోజూ నడవాలి, షుగరు అదుపులో పెట్టుకోవాలి, చుట్ట మానాలి అనుకుంటాం. నాలుగు రోజులకే సడలితే మనసును తిట్టుకుంటాం. రాత్రి నిద్రపోయామా అని మాత్రం అడగం.

నాగాయలంక, కోడూరు, కృత్తివెన్ను వైపు రొయ్యల చెరువులు చూడండి. తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ బాగా తగ్గిపోతుంది. ఏరియేటర్లు ఆగితే పంట పోయినట్టే. అందుకే మనవాళ్లు రాత్రంతా గట్టు మీదే ఉంటారు. నిద్ర చాలనివాడికి మర్నాడు ఆకలి, చిరాకు పెరుగుతాయి. మంచిచెడ్డలు తూచి మనల్ని ఆపే మెదడు ముందుభాగం మందగిస్తుంది. నిశ్చయం నిలవాల్సింది అక్కడే!

పెద్దలకు రోజుకు కనీసం 7 గంటల నిద్ర కావాలి. చెరువున్నవాళ్లు కాపలాకు వంతులు వేసుకోండి. మిగతావాళ్లం ఫోను పక్కనపెట్టి వేళకు పడుకుందాం. రేపటి నడక ఈ రాత్రి నిద్రతోనే మొదలవుతుంది.