గృహరక్షణ ఘంటిక
(సంఘ సమావేశమున చేసిన ప్రసంగపాఠము)



ఇంటి అలారమును గూర్చి నేను మాటలాడవలెనని కార్యదర్శిగారు నిర్ణయించినప్పుడు నాకు నవ్వు వచ్చినది. ఈ సభలో లోహశాస్త్రజ్ఞులు కలరు, విద్యుత్ ఇంజనీర్లు కలరు. నేనో, కళాశాలలో చరిత్ర చదివి, దస్త్రములపై టిప్పణీలు వ్రాయుచు ఇరువది సంవత్సరములు గడపినవాడను. నన్నే ఎన్నుకొనుటకు కారణమేమని అడుగగా, "మీ ఇంటి సైరను విననివారు మన కాలనీలో లేరు గదా!" అని వారు సెలవిచ్చిరి. ఆ ఎత్తిపొడుపు న్యాయమైనదే. ఎందుకు న్యాయమో చెప్పుటకు ముందు యంత్రమును గూర్చి కొంత చెప్పవలెను.

మనలో గోలకొండ చూడనివారు తక్కువ. ఫతే దర్వాజా గుమ్మటము క్రింద నిలిచి చప్పట్లు కొట్టినచో ఆ ధ్వని సుమారు ఒక కిలోమీటరు దూరమున, కొండ కొననున్న బాలాహిసారు వద్ద వినబడును. ఆనాటి అపాయసూచన ఇదియేనని అక్కడి గైడులు చెప్పుదురు. ద్వారమున ఒకడు గమనించును. కట్టడము ఆ వార్తను మోసికొనిపోవును. పైన ఒకడు విని లేచును. నేటి అలారములో ఉన్నవియు ఈ మూడు పనులే. గమనించునది సెన్సారు. మోయునది తీగ, లేదా రేడియో తరంగము. విని లేవవలసినవాడు మనుష్యుడు. అంగడివాడు పెట్టెలో పెట్టి ఇచ్చునవి మొదటి రెండు మాత్రమే. మూడవదానిని మనమే సమకూర్చుకొనవలెను. ఈ సంగతి నాకు ఆలస్యముగా తెలిసినది.

విద్యుత్తుతో పనిచేయు దొంగగంటకు అమెరికాలో ఆగస్టస్ రస్సెల్ పోప్ అను ఆయన 1853లో పేటెంటు పొందెను. తలుపు తెరచుకొనగానే విద్యుద్వలయము పూర్తియై గంట మ్రోగుట అందలి కిటుకు. ఎడ్విన్ హోమ్స్ ఆ హక్కులను 1857లో కొని వ్యాపారముగా పెంచెను. నాకు వీరిద్దరికంటె ఎక్కువ అభిమానము న్యూయార్కులో నర్సుగా పనిచేసిన మేరీ వాన్ బ్రిటన్ బ్రౌన్ అను ఆమెయందు. వేళగాని వేళ ఇంట ఒంటరిగా ఉండవలసివచ్చుటయు, పిలిచినను పోలీసులు త్వరగా రాకపోవుటయు ఆమెను బాధించెను. ఎలక్ట్రానిక్సు తెలిసిన భర్తతో కలిసి, తలుపు రంధ్రముల వద్ద కదలు కెమెరా, లోపల టెలివిజను తెర, పోలీసులకు వార్త పంపు మీట గల ఏర్పాటును రూపొందించి, 1966లో దరఖాస్తు పెట్టి, 1969లో పేటెంటు పొందెను. నేడు మన పిల్లలు సెల్‌ఫోనులో ఇంటి గుమ్మమును చూచుచున్నారన్నచో అందులో ఆ నర్సు భయమునకును కొంత పాలు కలదు.

ఇప్పుడు మన తలుపు వద్దకు వత్తము. తలుపుచట్రమునకు బిగించు చిన్న తెల్లని కడ్డీలో ఒక గాజుగొట్టము, దానిలో ఒకదానినొకటి తాకీ తాకని రెండు సన్నని లోహపు రేకులు ఉండును. తలుపు రెక్కకు ఒక అయస్కాంతము అతికింపబడును. తలుపు మూసియున్నంతసేపు అయస్కాంతము చెంతనుండుటచే రేకులు కలిసియుండును, తెరచినచో విడిపోవును. దీనిని రీడ్ స్విచ్చి అందురు. బెల్ ప్రయోగశాలలో వాల్టర్ ఎల్‌వుడ్ 1936లో దీనిని కనిపెట్టెను. తీగలతో అమర్చిన పద్ధతిలో రేకులు కలిసియున్నప్పుడే విద్యుత్తు ప్రవహించును. ఇది నాబోటి గుమాస్తా మనుష్యునకు వెంటనే అర్థమగు విషయము: ప్రతి క్షణమును "హాజరు" అని సంతకము పడుచుండవలెను; సంతకము పడని క్షణముననే గంట. కావున దొంగ తెలివిగా తీగను తెంపినను సంతకము ఆగును, గంట మ్రోగును.

గది మూలలో పెట్టునది వేరొక జాతి. అది దేనిని ప్రసరింపజేయదు, ఊరక చూచుచుండును. మన శరీరపు వేడి కంటికి కనబడని పరారుణ కిరణములుగా వెలువడుచుండును. ఆ వేడి దాని చూపులో ఒక భాగమునుండి మరొక భాగమునకు జరిగినప్పుడు అది మేల్కొనును. ఎదురుగా నడచివచ్చువానికంటె అడ్డముగా పోవువానిని సులభముగా పట్టును గాన, దొంగ అడ్డముగా నడువవలసిన చోటు చూచి, ఏడడుగుల ఎత్తున మూలలో బిగింపవలెను. గాజుగుండ ఆ వేడిని చూడలేదు గనుక కిటికీ బయట తిరుగువాడు దానికి తెలియడు. మన ఊరివారు గుర్తుంచుకొనవలసిన దింకొకటి కలదు. వైశాఖ జ్యేష్ఠములలో ఇక్కడ ఎండ నలుబది డిగ్రీలు దాటును. గది వేడియు శరీరపు వేడియు దగ్గరపడినప్పుడు దానికి మనిషికిని గోడకును భేదము సరిగా తెలియదు. వేసవి సెలవులకు దేశము పోవు కుటుంబములు ఈ కంటిపైననే భారము వేయరాదు. తలుపుల స్విచ్చులును ఉండవలెను. దాని ముఖముపై ప్రాకిన బల్లి మాత్రము దానికి ఏనుగంత కనబడును.

వీటన్నింటి వార్తలు చేరు పెట్టెయే ప్యానెలు. దానిలో బ్యాటరీ ఉండును. కరెంటు పోయినను కొన్ని గంటలు నడచును. మానగో, ఆదిత్యపురముల వైపు ఉండువారికి బ్యాటరీ విలువ నేను చెప్పనక్కరలేదు. కొన్ని సంవత్సరములకు అది వయస్సు మీరును, మార్చవలెను. ప్యానెలులోని సిమ్ కార్డు మన ఫోనునకు పిలుపు పంపును. మనము బయటకు పోవుటకును, తిరిగి వచ్చి కాపలా తీయుటకును చెరికొంత గడువు, సాధారణముగా అరనిమిషమో మరికొంత ఎక్కువో, పెట్టుకొనవచ్చును. ఇంట నిద్రించుచున్నప్పుడు గదుల కన్నులను మూసి తలుపులను మాత్రము కాపలాలో ఉంచు ఏర్పాటు వేరుగా కలదు. ఈ రెండు కాపలాలకు గల భేదము తెలియకయే చాలమంది, ఒక రాత్రి మ్రోగినదని విసిగి, యంత్రమునే ఆపివేయుదురు.

కర్మాగారమునుండి వచ్చునప్పుడు రహస్యసంఖ్య 1234 అనియో నాలుగు సున్నలనియో ఉండును. దానిని ఆ దినముననే మార్చవలెను. పుట్టిన సంవత్సరము పనికిరాదు. ఆ సంఖ్య ఎందరికి తెలిసినదో మనకు తెలిసియుండవలెను. గోలకొండ చప్పట్లు ఎంత చక్కగా వినబడినను, ఎనిమిది మాసముల ముట్టడి పిమ్మట 1687లో ఔరంగజేబు సేనకు రాత్రివేళ ద్వారము తెరచినవాడు లోపలివాడే గదా!

ఇక నా కథ.

మూడేండ్ల క్రిందట కార్తికమాసములో ఈ యంత్రమును కొంటిని. బిగించుటకు వచ్చిన కుర్రవాడు అరగంటలో పని ముగించి, సాయంకాలపుటెండ పడు కిటికీ కెదురుగా కన్ను నొకదానిని పెట్టి, ఒక చిన్న పుస్తకము చేతికిచ్చి పోయెను. ఆ పుస్తకమును నేను చదువలేదు. జీవితమంతయు కాగితములు చదువువానికి ఆ పదునాలుగు పుటలు బరువైనవి.

మొదటిసారి మ్రోగినప్పుడు మధ్యాహ్నము. బల్లి. కుడిప్రక్క బెంగాలీ పెద్దమనిషి గొడుగుతోను, పైఅంతస్తులోని కర్మాగారపు ఉద్యోగి ఇనుపకడ్డీతోను, ఎదుటి తెలుగువారు ఉత్తచేతులతోను పరుగెత్తివచ్చిరి. మా ఇంటావిడ అందరకును టీ ఇచ్చినది. రెండవసారి ఎండకు వేడెక్కి ఊగిన తెర, ముగ్గురు వచ్చిరి. ధనుర్మాసము వచ్చినది. మా అమ్మ తెల్లవారుజామున నాలుగున్నరకే లేచి ముగ్గు వేయుటకు వీధితలుపు తెరచును. కాపలా తీయుట ఆమెకు నేర్పవలెనని నాకు తోచలేదు. మొదటి తెల్లవారుజామున వీధి అంతయు లేచినది. తరువాత నాలుగుసార్లయినను అట్లే జరిగినది. ప్రక్కింటివారు మేడమీదినుండి తొంగిచూచి, అమ్మ చేతి ముగ్గుబుట్ట చూచి, కిటికీలు మూసికొనిరి.

ఈ ఊరిలో సైరను అనగా మాటలు కాదు. కర్మాగారపు భోంపు విని గడియారము సరిచేసికొనిన తరము ఇంకను మన మధ్య ఉన్నది. ఆ కూతకు ఒకే అర్థము ఉండెను గనుక ఊరంతయు దానిని మన్నించెను. నా సైరనునకు నేను ఏ అర్థమును మిగుల్చలేదు.

సంక్రాంతికి అందరమును విజయనగరమువైపు మా ఊరు పోయితిమి. పోవుచున్నామని ఎవ్వరికిని చెప్పలేదు. చెప్పినచో సంగతి బయట పొక్కునని నా తెలివి. వాకిట వార్తాపత్రికలు మూడు దినములు పోగుపడుటయు, వరండా దీపము పట్టపగలు వెలుగుటయు నేను చెప్పనిదానిని చక్కగా చాటినవి. కనుమనాడు తెల్లవారుజామున పెరటితలుపు గడియ విరిచి లోనికి వచ్చిరి. యంత్రము తన పని తాను చేసెను. సైరను మ్రోగెను. ఏర్పరచిన ప్రకారము అయిదు నిమిషములు మ్రోగి ఆగెను. నా ఫోనునకు పిలుపు రాలేదు. సిమ్ కార్డు గడువు ఆ నెల మొదటనే ముగిసినది, నేను డబ్బు కట్టలేదు.

వెండి కంచములు పోయినవి, కొంత రొక్కము పోయినది. అవి చెప్పుకొనదగినవి కావు. ప్రయాణములో భయమని అమ్మ తన కాసులపేరు బీరువాలో ఉంచినది. మా అమ్మమ్మ మెడనుండి ఆమె మెడకు వచ్చినది; మా చెల్లెలి కూతురి పెండ్లికి ఇత్తునని అనుకొనుచుండెడిది. బ్యాంకు లాకరులో ఉంచవలసినదానిని ఇంట ఉంచనిచ్చినవాడను నేనే. పోలీసులకు ఫిర్యాదు ఇచ్చితిమి. ఇంతవరకు దొరకలేదు.

ప్రక్కింటి పెద్దమనిషి మరునాడు వచ్చి, చాలసేపు నిలుచుండి, చివరకు ఇట్లనెను: "విన్నాము. మీ అమ్మగారు ముగ్గు వేయుచున్నారనుకొన్నాము." ఆయన కన్నులలో నీరు ఉండెను. నేనేమందును? అమ్మ నన్ను ఒక్కమాటయు అనలేదు. "అంత గట్టిగా మ్రోగునది గదా నాయనా, ఎవ్వరును రాలేదా?" అని మాత్రము ఒకసారి అడిగినది.

నాన్నా పులి కథ మన పిల్లలందరకును తెలియును. అందులో పిల్లవాడు ఆటకు అరచెను. నా యంత్రము ఆటకు అరవలేదు. దానికి పని నేర్పవలసినవాడు నేర్పకపోవుటచే అరచెను.

ఆ పదునాలుగు పుటలను ఆ వారముననే చదివితిని. కన్నును కిటికీ ఎదుటినుండి తీసి నడవ మూలకు మార్పించితిని. రాత్రివేళ తలుపులకు మాత్రమే కాపలా. అమ్మ రిమోటు ఇప్పుడు పూజగూటి ప్రక్క మేకునకు వ్రేలాడుచుండును. తలుపు తీయుటకు ముందు నీలిమీట, ఆపదవచ్చినచో ఎర్రమీట. ఆమె రెండు దినములలో నేర్చుకొన్నది. ఆమె నేర్చుకొనలేదని అనుకొనిన నెలలన్నియు నేను నేర్పని నెలలే. సిమ్ గడువు తేది గోడ క్యాలెండరుపై ఏకాదశుల ప్రక్కనే ఎర్రసిరాతో ఉన్నది. ఊరికి పోవునప్పుడు రెండు ఇండ్లవారికి చెప్పి పోవుదుము. పత్రిక వారు తీసికొందురు. ఆ దినములలో సైరను మ్రోగినచో ముగ్గు కాదని వారికి తెలియును. మ్రోగినప్పుడు వారు లోనికి పోరాదు. దీపములు వేసి, కేకవేసి, 112కు ఫోను చేయవలెను. దొంగతో కలియబడుమని పొరుగువానిని కోరుట పాపము.

దేశమున తాళమువేసిన స్వంత ఇండ్లు కలవారు మనలో పలువురు కలరు. ఆంధ్రప్రదేశ్ పోలీసులు 2017 ప్రాంతమున లాక్డ్ హౌస్ మానిటరింగ్ సిస్టం అను ఏర్పాటును ప్రచారము చేసిరి. గృహస్థుడు ఫోనులోని యాప్‌లో పేరు నమోదు చేసికొని, ఊరికి పోవునప్పుడు తెలిపినచో, పోలీసులు వచ్చి కదలికను పసిగట్టు కెమెరాను ఇంట ఉచితముగా పెట్టుదురు. ఎవడైన చొరబడినచో వార్త నేరుగా వారి కంట్రోలు రూమునకు పోవును. నాకు ఇందులో నచ్చినది కెమెరా కాదు. అది ఎవరిని లేపవలెనో ముందుగనే నిర్ణయించి పెట్టుట నచ్చినది. మీ ఇల్లున్న చోట అది నేడు ఎట్లు నడచుచున్నదో పండుగకు పోయినప్పుడు ఠాణాలో అడిగి తెలిసికొనుడు.

చివరగా ఒక విజ్ఞప్తి. ప్రతి నెల మొదటి ఆదివారము ఉదయము పదిగంటలకు మా ఇంటి సైరనును పరీక్షించుచున్నాము. ముందు రోజుననే ఇరుగుపొరుగులకు చెప్పుదుము. పదిసెకండ్లు మ్రోగించి ఆపుదుము. వచ్చు ఆదివారము ఆ పని అమ్మ చేయును. యంత్రమును విప్పి చూడగోరువారును, తమ ఇంటిదానిని గూర్చి అడుగగోరువారును ఆ వేళకు దయచేయుడు. ఫిల్టరు కాఫీ సిద్ధముగా ఉండును. ఇంజనీరు మిత్రులు స్క్రూడ్రైవరు వెంట తెచ్చుకొనవలెను. మా ఇంటిది కనబడుట లేదు.