జొన్నరొట్టెకు ఒక దూరపు చుట్టము



హైదరాబాదు నుండి నర్సాపూరు మీదుగా మెదకునకు పోవు రాజమార్గమున గుమ్మడిదల యున్నది. ఒక ప్రక్క నర్సాపూరు అడవి, ఒక ప్రక్క బొంతపల్లి వీరభద్రస్వామి కోవెల, మరియొక ప్రక్క గడ్డపోతారము, బొల్లారముల మందుల కర్మాగారములు. ఈ పారిశ్రామిక సీమలోని బాటల వెంబడి సాయంకాలమున పొయ్యి పెట్టుకొని జొన్నరొట్టెలు చేసి అమ్ము స్త్రీలను ప్రయాణికులు చూచుచునే యుందురు. కొనువారిలో పలువురు వైద్యుని మాటపై కొనువారు, మధుమేహము కలవారు. రెండు మూడు తరముల క్రిందట ఈ నేలపై ఈ రొట్టెను కొనుట యనునది వింతమాట. అది ఇంటింటి అన్నము. ఇంటింటి అన్నము ఇంటినుండి వెడలి వీథిలో పథ్యముగా అమ్ముడుపోవు స్థితికి ఎట్లు వచ్చినది? ఈ ప్రశ్నకు సమాధానము వెదకుటకై, జొన్నరొట్టెకు దూరదేశమునగల ఒక చుట్టమును నేడు మీకు పరిచయము చేయదలచితిని. ఆ చుట్టము ఫిన్లండు దేశపు రై రొట్టె.

ఫిన్లండు ఐరోపా ఖండమునకు ఉత్తరపు కొసన నున్నది. అచట వేసవి కొద్దికాలము, చలికాలము దీర్ఘము. ఆ చలికి గోధుమకంటె రై యను ధాన్యము బాగుగా ఓర్చును. ఆకురాలు కాలమున విత్తిన రై పైరు మంచుక్రింద నిద్రించి, వసంతమున లేచి, వేసవి చివర పండును. వానలు వెనుకబట్టిన పిదప మన నల్లరేగడిలో విత్తు రబీ జొన్నయు ఇట్టి మొండిదే. నేలలో దాగిన తేమతోడనే అది కంకి వేయును. ఒకటి చలికి తాళినది, ఒకటి కరవునకు తాళినది. నేల యే పంటకు ఒప్పుకొన్నదో అదియే తొలుత ఆహారమైనది. రుచి తరువాత అలవడినది.

ఈ రెండు పిండులకును ఒక లోపము కలదు. గోధుమపిండిని సాగునట్లు చేయు గ్లూటెన్ అను జిగురు జొన్నలో లేదు. రైలో ఉన్నను బలహీనము. ఈ లోపమును రెండు దేశముల స్త్రీలు రెండు విధముల జయించిరి. మనవారు పిండిపై మరిగిన నీరు పోసిరి. ఆ వేడికి పిండి కొంత ఉడికి అంటుకొను గుణము పొందును. అప్పుడు దానిని అరచేతితో తట్టి తట్టి పలుచన చేసి, పెనముపై వేసి, తడిగుడ్డతో అద్దుదురు. ఫిన్లండువారు పిండిని పులియబెట్టిరి. ఆ పులుపు, కాలునప్పుడు రొట్టె లోపల జావగా మారకుండ కాపాడును. పిండి కలుపు కొయ్యతొట్టిని వారు కడుగరు. అంచులకంటిన పిండియే మరునాటి రొట్టెకు తోడు. మన యింటి పెరుగుతోడు వంటిదే యనుకొనుడు.

ఆ దేశమునందే తూర్పునకు ఒక ఆచారము, పడమటికి ఒక ఆచారము. తూర్పున వారమునకొకసారి మెత్తని రొట్టె కాల్చెడివారు. పడమట సంవత్సరమునకు రెండు పర్యాయములు మాత్రమే పెద్ద యెత్తున కాల్చి, నడుమ రంధ్రముగల చక్రములవంటి రొట్టెలను వాసములకు గ్రుచ్చి, ఇంటి కప్పుక్రింద ఆరవేసెడివారు. నెలల తరబడి అవి చెడవు. ఈ వాసముల సంగతి శ్రోతలు జ్ఞాపకముంచుకొన వేడెదను. మరల దీనితో పని యున్నది.

రొట్టె చుట్టును చేరిన తక్కిన వంటకములు మనకు అంత క్రొత్తవి కావు. యవలు, ఓట్లు, రై, బఠానీలు ఉడికించి, వేయించి, విసరిన పిండిని వారు తాల్కున యందురు. దానిని పులిసిన పాలతో కలిపి తిందురు. తొలి యేకాదశినాడు మన యిండ్లలో జొన్నపేలాలు విసరి చేయు పేలపిండికి ఇది అక్కచెల్లెలు. వారి పీమ యనునది చిక్కని మజ్జిగవంటి పులిసిన పానీయము. గురువారమునాడు బఠానీల చారు తినుట చిరకాలపు వాడుక. కుయోపియో పట్టణ ప్రాంతమున కలకుక్కో యను నొక వంటకము కలదు. పేరు విని మన పిల్లలు నవ్వవచ్చును గాని, వారి భాషలో కల యనగా చేప. చిన్న చేపలను రైపిండి ముద్దలో మూసి గంటలకొలది నెమ్మదిగా కాల్చగా, ఎముకలుకూడ మెత్తబడి పోవును. పొలమునకు, అడవికి పోవువారికి అది చక్కని చద్దిమూట.

నన్ను మిక్కిలి ఆలోచింపజేసినది కరేలియా సీమ పీరక్క. పలుచని రైపిండి అప్పములో జావ నింపి, అంచులు నొక్కి, కాల్చి, వెన్నలో నలిపిన గ్రుడ్డు పైన రాచి తినెదరు. పూర్వము యవల జావ మున్నగువానిని నింపెడివారు. వరి ఆ దేశమున పండదు; వర్తకులు తెచ్చిన బియ్యము మొదట పండుగ వంట. క్రమముగా ఆ బియ్యపు పాయసము పీరక్క లోపలికి ప్రవేశించినది. కాని పై అప్పము రైదే. బియ్యము వచ్చి రైని వెడలగొట్టలేదు, దాని కడుపులో ఒదిగినది. 18వ శతాబ్దమున వచ్చిన బంగాళాదుంపయు అట్లే రొట్టె ప్రక్కన చోటు చేసికొన్నది.

ఇది వారి పూర్వుల ఐశ్వర్యమువలన జరిగినదని తలంపరాదు. 1866 మొదలు 1868 వరకు వచ్చిన కరవులో ఆ దేశమున సుమారు 8 శాతము జనులు మరణించిరి. దేవదారు జాతి చెట్ల లోపలి బెరడును ఎండబెట్టి, దంచి, పిండిలో కలిపి రొట్టె చేసికొనిరి. మన దక్షిణాపథమును 1876-78 నాటి మహాక్షామము పీడించుటకు అది కొలది యేండ్ల ముందటి మాట. అట్టి దారిద్ర్యమును జ్ఞప్తికి తెచ్చు ధాన్యమును సంపద వచ్చిన పిదప విడిచి పెట్టుట సహజము. వారు విడువలేదు. 1943లో పాఠశాలలందు ఉచిత భోజనము పెట్టవలెనని శాసనము చేసిరి. 1948 నుండి అది పూర్తిగా అమలుజరిగినది. ఆ తొలి దినములలో పిల్లలే అడవిపండ్లు ఏరి తెచ్చి బడి వంటయింటికి ఇచ్చెడివారు. ఆ భోజనములో రొట్టెయు ఒక భాగము. బడిలో దినదినమును తిన్నది పెద్దవారైన పిదపను నోటికి పరాయి కాలేదు. 2017లో దేశ స్వాతంత్ర్య శతవార్షికమున జాతీయాహారము నెన్నుకొనుటకు ఓట్లు తీసికొనగా రై రొట్టెయే గెలిచినది.

ఇక మన మెదకుసీమకు వత్తము. దీనిని మెతుకుసీమ యందురు. మెతుకనగా అన్నపు పలుకు. కాని చెరువుక్రింద మడి గలవారికే వరి మెతుకు నిత్యము. తక్కినవారికి జొన్న గట్కయే మెతుకు, దానిపై మజ్జిగయో పచ్చిపులుసో. లేదా రొట్టె, పుంటికూర, పచ్చిమిరప. ఉదయమున అంబలి. వరియన్నము పండుగనాటిది, చుట్టములు వచ్చిననాటిది. అందువలన వరికి గౌరవము, జొన్నకు చిన్నచూపు చాలకాలము క్రిందటనే ఏర్పడినవి. రొట్టె తినుట బీదతనమునకు గురుతైనది.

1983లో కిలో రెండు రూపాయల బియ్యము వచ్చెను. దానిని తేలికగా మాటలాడుట నాకిష్టము లేదు. ఆకలి యెరిగినవారికి అది గొప్ప యుపకారము. తెల్లవారుజామున తిరుగలి త్రిప్పి త్రిప్పి చేతులు కాయలు కాచిన స్త్రీకి అది విడుదల. అయినను చౌకధరల దుకాణమున బియ్యమే, 2001 నాటి సుప్రీముకోర్టు ఉత్తరువు పిదప బడులలో పెట్టిన వేడిభోజనమున ప్రధానముగా అన్నమే, బోరుబావులు వచ్చిన మెట్టచేలలోను వరియే. నేడు దుకాణమున ఇచ్చునది సన్నబియ్యము. ఆ పథకము 2025 ఉగాదినాడు ప్రారంభమైనది. ఇన్నివైపుల నుండి బియ్యము వచ్చునప్పుడు జొన్న ఒంటరిగా ఎట్లు నిలుచును? ఎవ్వరును దానిని నిషేధింపలేదు. దానికి పళ్లెములో చోటు మాత్రము ఉంచలేదు.

ఇందొక వింత గలదు. ఇదే జిల్లాలోని పటాన్‌చెరువున 1972లో అంతర్జాతీయ మెట్టపంటల పరిశోధన సంస్థ యైన ఇక్రిశాట్ నెలకొన్నది. లోకమందలి నానాదేశముల జొన్నవిత్తనములు, 30 వేలకు పైబడిన రకములు, అచట చల్లని గదులలో భద్రముగా నున్నవి. ఆ గోడ వెలుపల జొన్నచేలు కర్మాగారములైనవి. విత్తనము బ్రదికియున్నది, తినువాడు మారినాడు. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యముల సంవత్సరముగా జరిపినది. మంచిదే. కాని ఉత్సవమువలన ధాన్యము నిత్యాన్నము కాదు.

కాజాలదా యనినచో, జిల్లాకు పడమటి కొసన జహీరాబాదు ప్రాంతమున ఉదాహరణ మున్నది. 1983లో ఆరంభమైన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అండతో దళిత స్త్రీల సంఘములు బీడుపడిన చేలను సాగుచేసి, 1990ల నడుమ తమ యూళ్లలోనే కార్డులు వ్రాసి, జొన్నలను చౌకధరకు పంచిరి. మా వృత్తికి సంబంధించిన మాట గనుక చెప్పవలెను: 2008లో మాచునూరున తమ సొంత రేడియో కేంద్రమును గూడ స్థాపించి, తమ పంటలను గూర్చి తమ భాషలో తామే ప్రసంగించిరి. చట్టమునకును అడ్డు లేదు. 2013 నాటి జాతీయ ఆహారభద్రతా చట్టము బియ్యము, గోధుమలతోపాటు ముతకధాన్యములను గూడ పేర్కొన్నది.

అయినను కష్టమంతయు ధాన్యముతో లేదు. అది స్త్రీ భుజములలో నున్నది. జొన్నరొట్టె పూటపూటకు, ఒక్కొక్కటిగా, పొయ్యి యెదుట కూర్చుండి తట్టవలసినది. ఎనిమిది గంటలు కర్మాగారమున నిలుచుండి వచ్చిన స్త్రీని పదిరొట్టెలు తట్టుమనుట న్యాయము కాదు. జొన్నను పొగడు పురుషులలో ఎందరు రొట్టె తట్టుట నేర్చిరో నేనడుగను. ఇచటనే ఆ పడమటి ఫిన్లండు వాసములు జ్ఞాపకమునకు వచ్చును. ఒక దినపు శ్రమ అనేక నెలల అన్నమగుట ఆ రొట్టెకుగల బలము. మనకట్టిది లేదని యనుకొనవలదు. జహీరాబాదు దాటినచో బీదరు. దానికి ఆవల కలబురగి. ఆ సీమలో జొన్నరొట్టెను అప్పడమువలె పలుచగా తట్టి, కాల్చి, నీటితడి లేకుండ ఆరబెట్టి, దొంతరలుగా పేర్చుదురు. కడక్ రొట్టె యని దానికి పేరు. స్త్రీల సంఘములు దానిని చేసి దూరప్రాంతములకు పంపుచున్నవి. నెలల తరబడి నిలువయుండును. పప్పులోగాని మజ్జిగలోగాని విరిచి వేసికొన్నచో క్షణములో మెత్తబడును. బడి వంటయింటికైనను, కర్మాగారపు భోజనశాలకైనను ఒక పెట్టెడు చాలును. అచట పొయ్యి వెలిగింపవలసిన పని కూడ లేదు.